కొండకు బాకీపడ్డ సైకిలు

సైకిలు మీద వంతెన ఎక్కేటప్పుడు కాళ్ళు బరువెక్కడం మీకు తెలిసిన సంగతే. అదే వంతెన దిగేటప్పుడు పెడలు తొక్కకపోయినా సైకిలు దానంతట అదే పరుగెడుతుంది. ఎక్కేటప్పుడు మీరు పడ్డ శ్రమ ఎక్కడికి పోయింది? దిగేటప్పుడు ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. దాన్ని ఒక పెద్ద కొండ మీద లెక్కగట్టి చూద్దాం. అందుకోసం మధ్యధరా సముద్రంలో ఉన్న మయోర్కా దీవికి వెళ్దాం రండి.

సైకిళ్ళ దీవి

మయోర్కా స్పెయిన్ దేశానికి చెందిన దీవి. బాలియారిక్ దీవులన్నిటిలోకీ పెద్దది. దాని వాయవ్య తీరం పొడవునా ట్రముంటానా అనే పర్వతశ్రేణి గోడలా నిలిచి ఉంది. 2011లో యునెస్కో ఈ శ్రేణిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలులను ఈ కొండలు చాలావరకు అడ్డుకుంటాయి. చుట్టూ సముద్రం ఉండటంవల్ల చలికాలం కూడా తీవ్రంగా ఉండదు. అందుకే ఉత్తర ఐరోపాలో రోడ్లు ఇంకా మంచుతో గడ్డకట్టి ఉన్న రోజుల్లోనే సైకిలు పందెగాళ్ళు సాధన కోసం ఇక్కడికి వస్తారు. 1992 నుంచి ఏడాది మొదట్లో ఇక్కడ 'ఛాలెంజ్ మయోర్కా' అనే పందేల వరుస జరుగుతోంది. పందెంతో పనిలేని మామూలు జనం కూడా వసంతకాలపు సెలవుల్లో సైకిలు తొక్కడానికే ఈ దీవికి వస్తారు.

వాళ్ళందరూ ఒక్కసారైనా ఎక్కి తీరాలనుకునే రోడ్డు ఒకటుంది. అదే సా కలోబ్రా రోడ్డు.

ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు

మామూలుగా కొండ అంటే ముందు ఎక్కుతాం, తర్వాత దిగుతాం. సా కలోబ్రా దగ్గర వ్యవహారం తలకిందులు. సముద్రమట్టానికి 682 మీటర్ల ఎత్తులో ఒక కనుమ ఉంది. అక్కడి నుంచి రోడ్డు సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న రేవుకు దిగుతుంది. రోడ్డు అక్కడితో ఆఖరు. పడవ ఎక్కితే తప్ప వేరే దారి లేదు. హాయిగా జారుకుంటూ దిగిన ప్రతివాడూ తిరిగి అదే రోడ్డు ఎక్కాలి. అంటే ఈ దిగుడు మనకు కొండ ఇచ్చిన అప్పు. ఆ అప్పు తీర్చకుండా ఇంటికి చేరలేం.

ఆ అప్పు ఎంతో లెక్క వేద్దాం. సైకిలు తొక్కేవాడి బరువు 60 కిలోలు, సైకిలూ నీళ్ళసీసా వగైరాలన్నీ కలిపి 10 కిలోలు అనుకోండి. మొత్తం 70 కిలోలు. రేవు నుంచి కనుమకు ఎత్తు సుమారు 670 మీటర్లు. గురుత్వాకర్షణకు ఎదురుగా చేయవలసిన పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. 70 × 9.8 × 670 అంటే దాదాపు 4 లక్షల 60 వేల జౌళ్ళు. ఇదీ అసలు బాకీ.

మెలికలు ఎందుకు?

ఈ రోడ్డును ఆంటోనియో పారియెట్టి అనే ఇంజనీరు 1930లలో రూపొందించాడు. రోడ్డును తిన్నగా కిందికి వేయకుండా రెండు డజన్లకు పైగా మలుపులు తిప్పాడు. ఒకచోట రోడ్డు ముప్పాతిక చుట్టు తిరిగి, వంతెన కిందుగా తనను తానే దాటుకుంటూ పోతుంది. మెడకు కట్టుకునే టైలాగా ఉంటుందని ఆ చోటును 'టై ముడి' అని పిలుస్తారు.

ఇన్ని మెలికలు తిరిగితే పని తగ్గుతుందా? తగ్గదు. ఇక్కడే వాలుతలం సూత్రం గుర్తు చేసుకోవాలి. ఈ రోడ్డు సగటున ప్రతి 100 మీటర్లకు 7 మీటర్లు ఎక్కుతుంది. అప్పుడు 70 కిలోల బరువును పైకి నెట్టడానికి కావలసిన బలం అందులో నూటికి 7 వంతులు, అంటే సుమారు 5 కిలోల బరువుకు సమానం. రోడ్డును సగానికి కుదించి వేశాడనుకోండి. అప్పుడు ప్రతి 100 మీటర్లకు 14 మీటర్లు ఎక్కాలి. దూరం సగమవుతుంది, కాని నెట్టవలసిన బలం 10 కిలోలవుతుంది. బలాన్ని దూరంతో గుణిస్తే రెండు సందర్భాల్లోనూ వచ్చే పని ఒక్కటే. మెలికల రోడ్డు బాకీని మాఫీ చేయదు. చిన్న చిన్న వాయిదాల్లో కట్టనిస్తుంది, అంతే. ఘాట్ రోడ్లు మెలికలు తిరగడానికి కారణం కూడా ఇదే.

గేర్లు చేసే సాయం

మన ఊళ్ళలో తిరిగే మామూలు సైకిలుకు గేర్లుండవు. పందేల సైకిలుకు పెడళ్ళ దగ్గర రెండు పళ్ళచక్రాలు, వెనక చక్రానికి పది పన్నెండు పళ్ళచక్రాలు ఉంటాయి. చైను ముందు 34 పళ్ళ చక్రం మీద, వెనక 34 పళ్ళ చక్రం మీద ఉందనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. సైకిలు సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతుంది. చైనును ముందు 50 పళ్ళ చక్రానికి, వెనక 11 పళ్ళ చక్రానికి మారిస్తే అదే ఒక్క చుట్టుకు సైకిలు తొమ్మిదిన్నర మీటర్లు పోతుంది.

అయితే ఎక్కేటప్పుడు పెద్ద గేరు వేస్తే త్వరగా చేరిపోవచ్చు కదా అంటారేమో! ఒక్క చుట్టుకు ఎక్కువ ఎత్తు ఎక్కాలంటే పెడలు మీద అంత ఎక్కువ బలం వేయాలి. సా కలోబ్రా వాలులో చిన్న గేరుకు సగటున 10 కిలోల బరువంత బలం చాలు. పెద్ద గేరుకు సుమారు 44 కిలోలు కావాలి. కొన్ని నిమిషాల్లోనే మోకాళ్ళు మొరాయిస్తాయి. గేరు కూడా మెలికల రోడ్డు లాంటిదే. బలం తగ్గించి ఎక్కువ చుట్లు తొక్కిస్తుంది.

చిన్న గేరులో నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు. కనుమ చేరడానికి గంటా పదిహేను నిమిషాలు పడుతుంది. బాకీని ఆ కాలంతో భాగిస్తే సుమారు 100 వాట్ల సామర్థ్యం వస్తుంది. ఇంట్లో మామూలు సీలింగు ఫ్యాను తీసుకునే కరెంటు కంటే కొంచెం ఎక్కువ. అదే రోడ్డును 25 నిమిషాల్లో ఎక్కాలంటే 300 వాట్లు కావాలి. చేసే పని మారలేదు, చేసే కాలం మారింది. పందెగాడికీ మామూలు మనిషికీ తేడా అక్కడే.

తిండి ఎందుకు అవసరం?

మన కండరాలు అంత పొదుపైన యంత్రాలు కావు. తిండి నుంచి వచ్చిన శక్తిలో నాలుగో వంతో, అంతకంటే కొంచెం తక్కువో మాత్రమే పెడలుకు చేరుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అందుకే కొండ ఎక్కేటప్పుడు చెమట ధారగా కారుతుంది. 4 లక్షల 60 వేల జౌళ్ళ పనికి శరీరం ఇంచుమించు 20 లక్షల జౌళ్ళు, అంటే 480 కిలోకేలరీల దాకా ఖర్చు చేస్తుంది.

ఈ దీవిలోనే 'మయోర్కా 312' అనే సైకిలు యాత్ర జరుగుతుంది. ఒక్క రోజులో 312 కిలోమీటర్లు తొక్కాలి. ఆ దారిలో ఎక్కే ఎత్తులన్నీ కలిపితే సుమారు 5,000 మీటర్లు, అంటే ఎవరెస్టు ఎత్తులో సగానికి మించి. మన కండరాల్లోనూ కాలేయంలోనూ నిలవ ఉండే గ్లైకోజెన్ ఇంత దూరానికి చాలదు. దారి పొడవునా తినకపోతే కాళ్ళు హఠాత్తుగా చచ్చుబడినట్లవుతాయి, కళ్ళు తిరుగుతాయి. ఆకలి వేసేదాకా ఆగకూడదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

గాలి చాటు

మైదానంలో కథ వేరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే పందెగాడి శక్తిలో పెద్ద భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. అందుకే పందెగాళ్ళు ఒకరి వెనక ఒకరు ఆనుకున్నట్లు పోతారు. ముందువాడు గాలిని చీలిస్తే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది.

ఈ గాలి చాటును ఎంతవరకు వాడుకోవచ్చో చూపినవాడు ఈ దీవి మనిషే. ఫెలనిచ్ ఊళ్ళో 1926లో పుట్టిన గియెమ్ తిమోనెర్, మోటారు సైకిలు వెనక తొక్కే పందెంలో 1955, 1965ల మధ్య ఆరుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు.

కాని గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో కొండ ఎక్కేటప్పుడు గాలి అడ్డు రెండు మూడు వాట్లకు మించదు. ఎవరి వెనక నక్కినా లాభం లేదు. గురుత్వాకర్షణకు చాటు లేదు. ఎవరి బాకీ వాళ్ళే తీర్చుకోవాలి. పందేల్లో గుంపు కొండ మీదే చెదిరిపోవడానికి కారణం ఇది.

దిగేటప్పుడు జాగ్రత్త!

ఎక్కినప్పుడు చేసిన పని ఎక్కడికీ పోలేదు. అది స్థితిజ శక్తిగా మీలో దాగి ఉంది. దిగేటప్పుడు గతిజ శక్తిగా బయటపడుతుంది. గాలీ బ్రేకులూ లేకపోతే, 670 మీటర్లు దిగేసరికి సైకిలు వేగం గంటకు 400 కిలోమీటర్లు దాటుతుంది! గాలి అడ్డు పుణ్యమా అని ఆ వాలులో వేగం 50, 60 కిలోమీటర్ల దగ్గర నిలదొక్కుకుంటుంది. కాని మలుపుల దగ్గర అదీ ఎక్కువే.

10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే టైర్లు రోడ్డు నుంచి 22 కిలోల బరువంత అభికేంద్ర బలం రాబట్టాలి. వేగం 40 అయితే బలం నాలుగింతలు, 88 కిలోలు కావాలి. టైరుకు పొడి తారురోడ్డు మీద దొరికే పట్టు మామూలుగా మొత్తం బరువును, అంటే 70 కిలోలను, మించదు. తడి మీదా ఇసుక మీదా ఇంకా తక్కువ. పట్టు చాలకపోతే సైకిలు మలుపు తిరగదు. రోడ్డు వదిలి పోతుంది, లేదా ఎదురుగా వచ్చే బస్సు ముందు పడుతుంది.

కాబట్టి వేగాన్ని మలుపులోకి రాకముందే తగ్గించాలి. రెండు బ్రేకులూ వాడాలి. బ్రేకు ఒకటే పనిగా నొక్కి ఉంచకూడదు. ఈ కొండ దిగుడులోని శక్తి అంతా వేడిగా మారితే లీటరున్నర నీళ్ళు మరిగించవచ్చు! ఆ వేడి ఆగకుండా రిమ్ముల్లో చేరితే ట్యూబు పగిలే ప్రమాదం ఉంది. నొక్కుతూ వదులుతూ పోతే మధ్యమధ్య గాలికి చల్లారుతుంది. మీ ఊరి వంతెన దిగేటప్పుడు కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. స్నేహితుణ్ణి కారేజీ మీద కూర్చోబెట్టుకుంటే బరువు పెరిగి, బ్రేకులు ఖర్చు చేయవలసిన శక్తి కూడా పెరుగుతుందని మరచిపోకండి.

మీరే చేసి చూడండి

మీ బడిలో ఒక అంతస్తు మెట్ల ఎత్తును టేపుతో కొలవండి. అది 3 మీటర్లు, మీ బరువు 40 కిలోలు అనుకుందాం. పరుగెత్తకుండా, గబగబా నడిచి 10 సెకన్లలో ఎక్కితే మీ సామర్థ్యం 40 × 9.8 × 3 ÷ 10, అంటే సుమారు 118 వాట్లు. తర్వాత నింపాదిగా 20 సెకన్లలో ఎక్కండి. రెండుసార్లూ చేసిన పని ఎంత, సామర్థ్యం ఎంత? నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత, మొదటి సామర్థ్యంతో ఆగకుండా తొక్కగలిగితే 10 కిలోల సైకిలు మీద సా కలోబ్రా ఎక్కడానికి మీకు ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క కట్టండి.