వేలిముద్ర రహస్యం కాదు: సంస్థల భద్రతా యంత్రాల్లో వస్తున్న మార్పు

ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు యంత్రం, గోదాము తలుపుకు బిగించిన తాళం, ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గరుండే చిన్న పరికరం. ఎక్కడైనా వేలు పెడితే చాలు, పని అయిపోతుంది. తాళంచెవి పోవచ్చు, పాస్‌వర్డ్ మరిచిపోవచ్చు. వేలు మాత్రం ఎప్పుడూ మన వెంటే ఉంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కితే ఐదు నిమిషాల్లో మార్చుకుంటాం. వేలిముద్ర చిక్కితే మార్చుకునే దారి లేదు.

అందుకే సంస్థల భద్రతా పరికరాలు ఇప్పుడు కొత్త ప్రశ్నలు వేస్తున్నాయి. ఈ ముద్ర ఎవరిది అన్నది ఒక్కటే సరిపోదు. ముద్ర వేసింది ప్రాణమున్న వేలేనా? ఆ ముద్ర తాలూకు సమాచారం ఎక్కడ దాగి ఉంది?

మన దేశంలోనే మొదలైన కథ

వ్యాపార ఒప్పందానికి భద్రతగా వేలిముద్రలను వాడిన తొలి ప్రయోగాల్లో ఒకటి మన గడ్డమీదే జరిగింది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో బ్రిటిష్ అధికారి విలియం హెర్షెల్, రోడ్డు పనికి సామగ్రి సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పంద పత్రం వెనుక అరచేతి ముద్ర వేయించారు. రేపు సంతకం నాది కాదని అనకుండా ఉండాలన్నదే ఉద్దేశం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతిని తీర్చిదిద్దడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పాత్ర పెద్దది.

ఆ రోజుల్లో ముద్ర వేసే మనిషి అధికారి ఎదురుగా ఉండేవాడు. ఈనాడు ఎదురుగా ఉండేది యంత్రం మాత్రమే.

యంత్రం చూసేదేమిటి?

ఆప్టికల్ పరికరంలో వేలు పెట్టే గాజు కింది నుంచి కాంతి పడుతుంది. వేలిపై గీతలు గాజును తాకిన చోట కాంతి వెనక్కి రావడం తగ్గి నల్లగా కనిపిస్తుంది. గీతల మధ్య గాడుల్లో గాలి ఉంటుంది కనుక అక్కడ కాంతి సంపూర్ణంగా పరావర్తనం చెంది తెల్లగా కనిపిస్తుంది. కెపాసిటివ్ పరికరం కాంతిని వాడదు. గీత దగ్గరగా, గాడి దూరంగా ఉండటం వల్ల విద్యుదావేశంలో వచ్చే తేడాను కొలుస్తుంది. రెండింటిలోనూ గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ రెండుగా చీలాయో గుర్తించి, ఆ బిందువుల పటాన్ని పోల్చి చూస్తారు.

అంటే యంత్రం చూసేది గీతల ఆకారాన్నే. అదే ఆకారం ఇంకో పదార్థం మీద ఉన్నా నమ్మేస్తుంది. 2002లో జపాన్ శాస్త్రవేత్త త్సుతోము మత్సుమోతో బృందం, మిఠాయిల్లో వాడే జెలటిన్‌తో నకిలీ వేళ్లు చేసి 11 రకాల పరికరాలను మోసగించి చూపించింది. జెలటిన్‌లో చర్మంలాగే తేమ ఉంటుంది కనుక విద్యుత్తును కొలిచే పరికరాలూ దాన్ని పట్టుకోలేకపోయాయి.

ఇది ప్రయోగశాలకే పరిమితం కాలేదు. తెలంగాణలో 2018లో ఒక సిమ్ కార్డుల వ్యాపారి కేసు బయటపడింది. ఆన్‌లైన్‌లో దొరికిన భూముల రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకలు తయారుచేసి, వాటితో సిమ్‌లను యాక్టివేట్ చేశాడన్నది అభియోగం. ఆ పత్రాల మీద ముద్రలు వేసినవారి తప్పు ఇందులో ఏమీ లేదు.

ప్రాణమున్న వేలి గుర్తులు

కొత్త పరికరాలు ఆకారంతో ఆగడం లేదు. కొన్ని వేర్వేరు రంగుల కాంతిని చర్మంలోకి పంపుతాయి. ఒక్కో రంగు ఒక్కో లోతుకు చేరుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది, ఎరుపును అంతగా పీల్చుకోదు. రబ్బరు ముక్క ఇలా స్పందించదు. మరికొన్ని చెమట రంధ్రాలను గమనిస్తాయి. క్షణాల వ్యవధిలో తేమ గీతల వెంట పాకే తీరును బట్టి వేలు సజీవమో కాదో అంచనా వేస్తాయి.

సాఫ్ట్‌వేర్ కూడా తోడవుతోంది. ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన విధానంలో గీతల బిందువులతో పాటు వేలి పూర్తి చిత్రాన్ని కూడా కృత్రిమ మేధ సాయంతో పరిశీలించి, ముద్ర సజీవమైనదో కాదో తేలుస్తారు. ఎల్1 అనే స్థాయి పరికరాల్లో ముద్రను సంకేతంగా మార్చే పని కంప్యూటర్‌లో కాకుండా పరికరం లోపలి సురక్షిత భాగంలోనే జరుగుతుంది. దారిలో ఎవరూ తొంగిచూసే వీలుండకూడదన్నది ఆలోచన.

బిగిస్తే ఎవరికి కష్టం?

పరీక్షను ఎంత కఠినం చేస్తే నకిలీలు అంత తగ్గుతాయి. కానీ అసలు మనుషులూ ఎక్కువగా బయటే ఉండిపోతారు. ఇటుకలు మోసేవారి, నాట్లు వేసేవారి, వృద్ధుల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. చర్మం పొడిబారినా చిత్రం సరిగా రాదు. యంత్రం ఒప్పుకోలేదని ఒక కూలీకి ఆ రోజు హాజరు పడకపోతే, పోయేది ఆ మనిషి కూలి డబ్బు. అందుకని ముఖం, కార్డు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ, లేదా కనీసం సంతకం పుస్తకం ఏదో ఒకటి పక్కన ఉండాల్సిందే.

ముద్ర ఎక్కడ ఉండాలి?

రెండో పెద్ద మార్పు దాచే చోటుకు సంబంధించినది. 2015లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల వివరాలు చూసే కార్యాలయం నుంచి 56 లక్షల మంది వేలిముద్రలు చోరీ అయ్యాయి. అన్నీ ఒకేచోట పోగేయడం ఎంత ప్రమాదమో దాంతో తెలిసివచ్చింది.

పాస్‌కీ విధానం దీనికి ఒక జవాబు. ఇందులో వేలిముద్ర ఫోన్ దాటి బయటకు పోదు. ముద్ర సరిపోతే ఫోన్‌లోని రహస్య తాళంచెవి తెరుచుకుంటుంది. సంస్థ సర్వర్ ప్రతిసారీ ఒక కొత్త అంకెల వరుసను పంపుతుంది, ఫోన్ దానిపై డిజిటల్ సంతకం చేసి తిప్పి పంపుతుంది. సర్వర్ దగ్గర ఉండేది ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ తాళంచెవి మాత్రమే. దాన్ని దొంగిలించినా దొంగకు ఉపయోగం లేదు. ఫోన్ పోతే పాత తాళంచెవిని రద్దు చేసి కొత్తది చేసుకోవచ్చు. వేలిముద్రకు లేని వెసులుబాటు ఇదే.

యంత్రం కొనేముందు

చిన్న దుకాణమైనా, పెద్ద కర్మాగారమైనా అమ్మకందారును నాలుగు ప్రశ్నలు అడగాలి. నకిలీ వేలిని పట్టుకునే సామర్థ్యాన్ని ఐఎస్ఓ 30107 ప్రమాణం ప్రకారం పరీక్షించారా? ముద్ర చిత్రాన్ని దాస్తున్నారా, గీతల బిందువుల సంకేతాన్నా? ఉద్యోగి మానేసిన రోజున ఆ వివరాలు చెరిగిపోతాయా? వేలు పనిచేయని మనిషికి మరో దారి ఉందా?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ఇలాంటి సమాచారాన్ని కాపాడే బాధ్యతను సంస్థల మీద పెట్టింది. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. వ్యక్తిగా మీరు చేయగలిగిందీ ఒకటుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ, ఎంఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్‌ను లాక్ చేసి, అవసరమైనప్పుడే తెరవొచ్చు.

తాగిన గ్లాసు మీద, తెరిచిన తలుపు మీద, సంతకం చేసిన పత్రం మీద మనం రోజూ వేలిముద్రలు వదిలేస్తూనే ఉంటాం. అది మన పేరు లాంటిది, నలుగురికీ కనిపిస్తుంది. పేరు తెలిసిన ప్రతివాడికీ తలుపు తీసే యంత్రాన్ని ఎవరూ కొనుక్కోకూడదు.