దురద కుక్కది, భారం కాలేయానిది

బిలాస్‌పూర్‌లో టోకు బేరాలు జరిగే వ్యాపార్ విహార్‌లో ధాన్యం లారీ దిగిందంటే వీధంతా సన్నని పొట్టు లేస్తుంది. గోనె సంచుల అడుగున, పిండి రాలిన మూలల్లో, చెమ్మగిల్లిన పప్పులో కంటికి ఆనని నల్లులు పెరుగుతాయి. టైరోఫేగస్ జాతికి చెందిన ఈ నిల్వ ధాన్యపు నల్లులు కుక్కను కుట్టవు. కానీ వాటి మలం, చచ్చిన వాటి తునకలు దుమ్ములో కలిసి ఒంటికి తగిలితే చాలు, అలర్జీ ఉన్న కుక్క గోక్కోవడం మొదలుపెడుతుంది. పరుపుల్లో, పాత దుప్పట్లలో ఉండే ఇంటి దుమ్ము నల్లి ఇంకా పెద్ద దోషి.

దురద ఒక్కటే అయితే వైద్యం పెద్ద చిక్కు కాదు. అదే కుక్కకు కాలేయం కూడా బాగోలేదని రక్తపరీక్షలో తేలితే లెక్క మారిపోతుంది. మామూలుగా రాసే మందుల్లో చాలావాటిని విరగ్గొట్టాల్సింది ఆ కాలేయమే.

2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రంగా ఉన్న ఊళ్ళో కాలేయం పని చెప్పాలంటే గూడ్స్ యార్డును చూపిస్తే సరిపోతుంది. పేగుల నుంచి వచ్చిన రక్తం ముందు కాలేయానికే చేరుతుంది. ఏది వాడుకోవాలో, ఏది విషమో, ఏది పైత్యరసంతో బయటికి పంపాలో అక్కడే తేలుతుంది. యార్డులో పనివాళ్ళు సగమైతే బండ్లు నిలిచిపోయినట్టు, కాలేయ కణాలు దెబ్బతింటే మందు రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. మామూలు మోతాదే అధిక మోతాదు అవుతుంది. అందుకే ఇలాంటి కుక్క విషయంలో ప్రతి మందు గురించీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీన్ని ఒంట్లో విరగ్గొట్టేది ఎవరు?

ముందు కారణం తేలాలి

అలర్జీ వల్ల వచ్చే చర్మవ్యాధి సాధారణంగా ఆరు నెలలకూ మూడేళ్ళకూ మధ్య వయసులో బయటపడుతుంది. పాదాలు, చంకలు, పొట్ట, చెవులు, మూతి చుట్టూ దురద. తెల్లటి పాదాల వేళ్ళ మధ్య తుప్పురంగు కనిపిస్తే కుక్క అదేపనిగా నాకుతోందని అర్థం. ఆ రంగు లాలాజలానిదే.

ఎనిమిదేళ్ళ వరకు సుఖంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి గోక్కుంటే అలర్జీ అని సరిపెట్టుకోకూడదు. చెవి అంచును వేళ్ళ మధ్య రుద్దినప్పుడు వెనక కాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడితే గజ్జిని అనుమానించాలి. ఇంట్లో మనుషులకూ దురద మొదలైతే ఆ అనుమానం బలపడుతుంది. చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో చూడాలి, కానీ పురుగు కనిపించనంత మాత్రాన గజ్జి లేదని చెప్పలేం. అరికాళ్ళు పగిలి, చెక్కు కట్టి, నడిస్తే నొప్పి పుడుతుంటే మూలం కాలేయంలోనే ఉండవచ్చు. రక్తంలో అమైనో ఆమ్లాలు పడిపోయి చర్మం తిండి లేక చచ్చిపోయే అరుదైన జబ్బు అది. స్కానింగులో కాలేయం తేనెపట్టులా కనిపిస్తుంది. దానికి అలర్జీ మందులు పనిచేయవు.

పిడుదులనూ మరిచిపోకూడదు. అవి మోసే ఎర్లీకియా, బబీసియా క్రిములు కాలేయాన్ని కూడా దెబ్బతీస్తాయి. ఎలుకలు తిరిగే గిడ్డంగుల దగ్గర వానాకాలంలో లెప్టోస్పైరోసిస్ కాలేయానికి మరో ముప్పు. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశెనగ చెక్కలో ఉండే, కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్ విషం వండినా పోదు. 2020 డిసెంబరులో అమెరికాలో ఈ విషం కలిసిన కుక్కల ఆహారం తిని పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. మనం తినలేమని పక్కన పెట్టిన గింజను కుక్కకు వండి పెట్టకూడదు.

చర్మం మీదుగా వైద్యం

చర్మం మీదే పనిచేసి అక్కడే ముగిసిపోయే చికిత్సను ముందు చూడాలి. క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో వారానికోసారి చల్లని నీటి స్నానం చేయించాలి. నురగ పట్టించాక పది నిమిషాలు ఆగి కడగాలి. కడిగేస్తే దుమ్ము, పుప్పొడి, నల్లుల తునకలు పోతాయి. పది నిమిషాలు ఆగితే దురదను రెట్టించే బ్యాక్టీరియా, ఈస్టు తగ్గుతాయి. ఈస్టుకు కీటోకొనజోల్ మాత్ర బాగా పనిచేస్తుంది, కానీ అది కాలేయాన్నే దెబ్బతీయగలదు. మైకొనజోల్ కలిసిన షాంపూ అదే పనిని బయటి నుంచి చేస్తుంది. హైడ్రోకార్టిజోన్ ఏసిపోనేట్ స్ప్రే స్టెరాయిడే అయినా ఎక్కువ భాగం చర్మంలోనే విరిగిపోతుంది. చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వులు చర్మానికి బలమే. అయితే ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఒంటి లోపలికి మందు తప్పనప్పుడు ఇలా చూడాలి. ప్రెడ్నిసోలోన్ దురదను త్వరగా ఆపుతుంది. కానీ కుక్కల్లో అది ఏఎల్‌పీ అనే ఎంజైమును పెంచేస్తుంది, కాలేయ కణాల్లో గ్లైకోజెన్ నింపి వాటిని ఉబ్బిస్తుంది. జబ్బు ముదిరిందా, మందు చేసిన పనా అన్నది రిపోర్టు చూసి చెప్పడం కష్టమవుతుంది. విచిత్రమేమిటంటే కొన్ని రకాల కాలేయ వాపుకు స్టెరాయిడే వైద్యం. అందుకే ఇవ్వాలన్నా, ఆపాలన్నా డాక్టరు నిర్ణయించాలి. చాలాకాలం వాడినదాన్ని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. 2013లో అమెరికా అనుమతి పొందిన ఒక్లాసిటినిబ్ దురద సంకేతాన్ని తొందరగా ఆపుతుంది, కానీ దాన్నీ విరగ్గొట్టేది ప్రధానంగా కాలేయమే. లోకివెట్‌మాబ్ ఇంజెక్షను దారి వేరు. అది దురద సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-31ను పట్టేసే ప్రతిరోధకం. మామూలు ప్రొటీనులాగే అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది కాబట్టి కాలేయం మీద పెద్ద భారం వేయదు. ఒక డోసు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. మన ఊళ్ళో దొరుకుతుందేమో పశువైద్యుణ్ణి అడగాలి. బిలాస్‌పూర్‌లోనే పశువైద్య కళాశాల ఉంది.

మనుషుల మందుల పెట్టె

అలర్జీ మాత్ర మనకు పనిచేసినంతగా కుక్కలకు పనిచేయదు. కొన్ని నిద్ర పట్టిస్తాయి. కాలేయం విఫలమై మెదడు మందగించినప్పుడు కూడా కుక్క అలాగే మత్తుగా ఉంటుంది కాబట్టి అసలు ప్రమాదం కనిపించకుండా పోతుంది. చక్కెర లేని సిరప్‌లో జైలిటాల్ ఉంటే ఇంకా ప్రమాదం. మనుషులకు హానిచేయని ఆ తీపి కుక్కలో రక్తంలోని చక్కెరను పడగొట్టి, కాలేయ కణాలను చంపగలదు. పారాసిటమాల్ కూడా ముట్టకూడదు. గజ్జికి గ్యారేజీలో వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు ఇంకా ఉంది. కుక్క దాన్ని నాకుతుంది, నాకింది కాలేయానికే చేరుతుంది. కర్పూరం కలిపిన నూనెదీ అదే కథ.

కాలేయం బాగోలేని కుక్కకు మాంసకృత్తుల తిండి తగ్గించాలన్న సలహా కూడా పూర్తిగా సరైనది కాదు. మెదడు మందగించే లక్షణాలు లేకపోతే మాంసకృత్తులు తగ్గించకూడదు, చర్మానికీ కాలేయానికీ అవే కావాలి. గుడ్డు, పెరుగు, పనీరు మాంసం కన్నా తేలిగ్గా అరుగుతాయి. అయితే కోడిమాంసం, పాలు, గోధుమ పడని కుక్కలూ ఉంటాయి. అదేమిటో తేల్చాలంటే ఎప్పుడూ తినని ఒక మాంసకృత్తుతో ఎనిమిది వారాల పాటు ఒకే తిండి పెట్టాలి. మధ్యలో ఒక్క బిస్కెట్టు వేసినా పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది.

వైద్యం మొదలుపెట్టేముందు రక్తంలో ఏఎల్‌టీ, ఏఎల్‌పీ, అల్బుమిన్, బిలిరుబిన్ చూడాలి. తిన్న రెండు గంటలకు, తినకముందు పైత్య ఆమ్లాలు కొలిస్తే కాలేయం ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది. కొత్త మందు వేశాక డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ రక్తం ఇవ్వాలి. చిగుళ్ళు, కళ్ళు పచ్చబడినా, పొట్ట నీటితో ఉబ్బినా, నల్లటి విరేచనం అయినా, కుక్క గోడకు తల ఆనించి నిలబడినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. దురద సంగతి తర్వాత చూసుకోవచ్చు.