ఆకు నలిపితే పెరాక్సైడు

పెరట్లో చక్రవర్తి కూర లాంటి మొక్క మొలిచిందట. ఆకు నలిపితే కిరసనాయిలూ కర్పూరమూ కలిసిన వాసనట. పప్పులో వేసుకోవచ్చా అని కోయంబత్తూరు పాఠకురాలు ఒకరు అడిగారు.

వద్దు. కారణం చెప్పే అవకాశం మాత్రం వదులుకోలేను.

ఆ వాసన బట్టి అది డిస్ఫేనియా ఆంబ్రోసియాయిడిస్ అయి ఉండాలి. పుట్టిల్లు అమెరికా ఖండం. కాబట్టి నాయక రాజుల కాలంలో మదుర, కోయంబత్తూరు ప్రాంతాలకు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ పాత వంటల్లో దీని ఊసు వెతకడం దండగ. 1753లో లిన్నేయస్ దీన్నీ చక్రవర్తి కూరనూ కీనోపోడియం అనే ఒకే ప్రజాతిలో పెట్టేశాడు. పూలు చూస్తే ఆయన్ని తప్పుపట్టలేం. భూతద్దంతో ఆకు చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. చక్రవర్తి కూర లేతాకు మీది తెల్లటి పిండి నిజానికి నీటి బుడగల్లాంటి నూగు, దానికి ఘాటు లేదు. దీని ఆకు అడుగున పసుప్పచ్చటి చుక్కలుంటాయి, అవి నూనె గ్రంథులు. ఇంత తేడా ఉన్నా వృక్షశాస్త్రజ్ఞులు మొస్యాకిన్, క్లెమెంట్స్ దీన్ని డిస్ఫేనియాలోకి మార్చింది 2002లో!

గ్రంథి పైపొర కింద నూనె ఊరి నిలవుంటుంది. వేలు తగిలితే పొర చిట్లుతుంది. ఆ నూనెలో ఉండే ఆస్కరిడోల్ అంటే నాకు ప్రాణం. ఆరు కార్బన్ల వలయానికి అడ్డంగా రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెన కడతాయి; ఇలాంటి వంతెన ఉన్నదే పెరాక్సైడు. ఆక్సిజన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య బంధం బలహీనమైనది, వేడి తగిలితే తెగుతుంది. అందుకే ఈ పదార్థాన్ని బాగా వేడిచేస్తే పేలుతుంది. మొక్క ఇలాంటిదాన్ని ఎలా తయారుచేస్తుంది? 1944లో జర్మనీలో షెంక్, జీగ్లర్ ఆల్ఫా-టెర్పినీన్‌కు పత్రహరితమూ వెలుతురూ ఆక్సిజనూ అందించి, గాజుపాత్రలోనే ఆస్కరిడోల్ తయారుచేశారు. పత్రహరితం వెలుతురు శక్తిని ఆక్సిజన్‌కు అందిస్తే, రెచ్చిపోయిన ఆక్సిజన్ వెళ్ళి వలయానికి అతుక్కుంటుంది. ఆకులోనూ ఇదే జరుగుతుందనుకోవడం ఎంత సులువు! కానీ 1984లో జాన్సన్, క్రోటో ఇదే మొక్క కాయల రసంలోంచి ఒక ఎంజైమును పట్టుకున్నారు. ఆల్ఫా-టెర్పినీన్‌కు తోడు హైడ్రోజన్ పెరాక్సైడు, అయొడైడు ఇస్తే చాలు, అదే ఈ వంతెన కట్టేసింది. గాజుపాత్రలో కుదిరిన దారే మొక్కదీ కావాలని ఎక్కడుంది?

ఇక ఉపయోగాలు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో కడుపులోని కొంకిపురుగులు పోవడానికి ఈ నూనె తాగించేవారు. మందు మోతాదుకూ విషం మోతాదుకూ ఎడం తక్కువ, ప్రాణాలు పోయాయి, మెరుగైన మందులు రాగానే మానేశారు. ఇప్పుడు దీన్నే ‘సహజ ఔషధం’ అని పొగిడేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. మెక్సికోలో నల్ల చిక్కుళ్ళలో నాలుగాకులు వేస్తారు, నిజమే. అది పరిమళానికి. మనం పప్పులో వేసేది కట్టలకు కట్టలు.

పెంచి చూడాలనుంటే ఎండ తగిలే కుండీ చాలు. ఆవగింజకన్నా సన్నటి నల్ల గింజల్ని పైపైన చల్లండి, మన్ను కప్పకండి. కాయలు ముదరకముందే కొమ్మలు తుంచేయండి, లేకపోతే పెరడంతా అదే. రూఢి చేసుకోవాలంటే పూలతో, కాయలతో ఉన్న కొమ్మను మీ ఊళ్ళోనే, లాలీ రోడ్డు దగ్గరి మద్రాస్ హెర్బేరియం వాళ్ళకు చూపించండి. గర్భిణులూ చిన్నపిల్లలూ నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.