తోమకండి... కడగండి!

కొత్త కోడలి ఉత్సాహం ఎంత పని చేస్తుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో! 1981లో పెళ్ళయి, రాజోలు దగ్గర లంక ఊళ్ళో అత్తవారింట అడుగుపెట్టిన మూడో నెల. మా ఆడపడుచుకి నిశ్చితార్థం. మగపెళ్ళివారికి కాఫీలివ్వడానికని మా అత్తగారు అటక మీది చెక్కపెట్టె దింపించారు. ఊకలో చెయ్యిపెట్టి ఒక్కొక్కటే పైకి తీశారు. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఒక కెటిల్. తెల్లటి పింగాణీ మీద నీలం పువ్వులు, అంచున వెంట్రుకంత సన్నని బంగారు గీత.

"వీటిని కాస్త కడిగి పెట్టమ్మాయ్" అన్నారావిడ.

కడగమన్నారు. నేను తోమాను! నూతి దగ్గర కూచుని, కోనసీమలో అన్నిటికీ వాడే కొబ్బరిపీచుతో, మెత్తటి బూడిదతో, పళ్ళు బిగించి మరీ తోమాను. ఆరో సాసరు అయ్యాక తోమని కప్పు పక్కన పెట్టి చూద్దును కదా, సాసరు అంచున గీత లేదు. ఆరింటికీ లేదు.

అత్తగారు చూశారు. "పోనీలే, తెల్లగా వచ్చాయి" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

ఆ సెట్టు కథ ఆ రాత్రి మావారు చెప్పారు. మన గోదావరి జిల్లాల నుంచి కోరంగి, కాకినాడ రేవుల మీదుగా బర్మా వెళ్ళినవాళ్ళు వేలమంది. మనవాళ్ళ నోట రంగూన్ కాస్తా 'రంగం' అయింది. అత్తగారి నాన్నగారు అక్కడ బియ్యపు మిల్లులో గుమాస్తా. 1938లో సెలవుకి వస్తూ ఈ సెట్టు తెచ్చారట. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షలాది మంది భారతీయులు బర్మా వదిలేశారు. చాలామంది అడవులూ కొండలూ దాటుకుంటూ నడిచే వచ్చారు. ఆయనా అలాగే, కట్టుబట్టలతో ఇల్లు చేరారు. ఇరవై ఏళ్ళ రంగం సంపాదనలో ఆ ఇంట్లో కంటికి కనిపించేది ఈ టీసెట్టు ఒక్కటే.

అది విన్నాక నాకు నిద్రపడితే ఒట్టు.

అప్పట్నుంచీ తెలిసినవాళ్ళనల్లా అడిగి, దొరికిందల్లా చదివి, నాలుగైదుసార్లు చేతులు కాల్చుకుని నేను తెలుసుకున్నది ఒక్కటే. మన ఇళ్ళల్లో పాత సామాను కిందపడి పగిలి పాడైనదానికంటే తోమి తోమి పాడైనదే ఎక్కువ.

పింగాణీ, గాజు

నా సాసర్లలో నీలం పువ్వులు నిలిచి, బంగారు గీత ఎందుకు పోయింది? పువ్వులు గాజులాంటి నిగనిగల పూతకి అడుగున ఉన్నాయి. బంగారాన్ని ఆ పూత మీద, ఆఖర్న వేసి తక్కువ వేడిలో కాలుస్తారు. కనక దానికి రక్షణ ఏమీ లేదు. మీ ఇంట్లో పాత పళ్ళెం ఉంటే డిజైను మీద వేలు నెమ్మదిగా పోనిచ్చి చూడండి. కాస్త ఎత్తుగా తగిలిందా, అది పైన వేసిన రంగే. పీచు, పౌడరు, నిమ్మచెక్క దాని దగ్గరికి రానివ్వకండి.

ప్లాస్టిక్ టబ్బులో పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలపండి. ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. ఒక్కసారి ఒక్కటే కడగాలి. కప్పుని చెవి పట్టుకుని ఎత్తకూడదు, రెండు చేతులతో పట్టుకోవాలి. పగులున్నవాటిని నానబెడితే మరక లోపలికి దిగిపోతుంది. పగులుందో లేదో తెలియాలంటే గోటితో మెల్లగా మీటండి. ఖంగుమంటే క్షేమం, బొక్కగా పలికితే అనుమానమే.

గాజుగ్లాసులో వేడిపాలు పోయగానే ఠప్పుమంటుంది చూశారూ, దానికి కారణం పాలు తగిలిన లోపలివైపు వెంటనే సాగడం, బయటివైపు ఇంకా చల్లగా ఉండడం. అందుకే పల్చటి గ్లాసు కంటే మందపు గ్లాసుకే ఈ ప్రమాదం ఎక్కువ. ముందు గోరువెచ్చని నీళ్ళు తిప్పి, ఆ తర్వాత పోయండి. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసుల్ని లాగకండి. లోపలిదాంట్లో చల్లనీళ్ళు పోసి, బయటిదాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే వాటంతటవే వస్తాయి.

సముద్రానికి దగ్గరున్న మన ఊళ్ళల్లో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. వాటితో కడిగితే గాజు మీద తెల్లటి పొర కడుతుంది. వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, ఆఖరి జాడింపు మాత్రం మంచినీళ్ళతో చెయ్యండి.

ఇంకొక్క మాట. పాతకాలపు రంగుల పింగాణీలో సీసం ఉండే అవకాశం ఉంది. పులుపు తగిలితే అది కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతుంది. అలాంటివాటిని అలమరలో చూసుకోండి, పచ్చడి మాత్రం వెయ్యకండి. ఊరగాయకి జాడీ ఉండనే ఉంది కదా! బంగారు అంచున్నవాటిని మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి.

వెండి

శ్రావణ శుక్రవారం ముందు రోజు వెండి సామాను దింపి చూస్తే నల్లగా ఉంటుంది. గాలిలోని గంధకం వెండితో కలిసి కట్టే పొర అది. మన తేమగాలి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు, కోడిగుడ్డు వల్ల కూడా వెండి నల్లబడుతుంది. విభూతి, పళ్ళపొడి, టూత్‌పేస్టు వేసి రుద్దితే మెరుస్తుంది, నిజమే. కానీ రుద్దినప్పుడల్లా నలుపుతో పాటు కాస్త వెండీ అరుగుతుంది. మా అమ్మగారి కుంకుమభరిణ మీది లతలు ఇప్పుడు చేతికి తగలవు. నలభై శ్రావణమాసాల పళ్ళపొడి మహిమ అది!

నునుపుగా ఉండే గిన్నెలు, గ్లాసులకి తేలిక మార్గం ఉంది. గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి వస్తువు దానికి తగిలేలా పెట్టి, బాగా వేడినీళ్ళు పోసి, లీటరుకి రెండు చెంచాల వంటసోడా వెయ్యండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే కంగారుపడకండి, గంధకం వదులుతోందన్నమాట. నలుపుగా మారిన వెండి మళ్ళీ వెండవుతుంది. కొన్ని నిమిషాల్లో తీసి, కడిగి, పొడిగా తుడవాలి. రాళ్ళు పొదిగినవి, అతికించిన పిడులున్నవి, చెక్కడం లోతుల్లో కావాలనే నల్లదనం ఉంచినవి మాత్రం ఇలా చెయ్యకూడదు. వాటికి కుంకుడురసం, మెత్తటి గుడ్డ చాలు.

వెండిగిన్నెలో ఉప్పు, ఊరగాయ నిలవ ఉంచకండి. దాచేటప్పుడు పాత నూలు గుడ్డలో, గంజి లేకుండా ఉతికినదాంట్లో చుట్టి, పక్కన నాలుగు సుద్దముక్కలు వెయ్యండి, తేమ పీలుస్తాయి. న్యూస్‌పేపరు వద్దు. అన్నట్టు, జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్కయినా లేదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది.

బంగారం

గోరువెచ్చని కుంకుడు నీళ్ళు, పిల్లల మెత్తటి బ్రష్షు ఉంటే బంగారానికి అంతకుమించి అక్కర్లేదు. ముత్యాలు, పగడాలు ఉన్నవాటిని మాత్రం నానబెట్టకండి. పులుపు తగిలితే అవి కరుగుతాయి. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి.

"నగలకి మెరుగు పెడతామమ్మా" అంటూ వీధిలోకి వచ్చేవాళ్ళని అసలు గుమ్మం ఎక్కనివ్వకండి. వాళ్ళలో కొందరి సీసాలో ఉండేది రాజద్రావకం, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం. బంగారాన్ని కరిగించేస్తుంది. మీ గొలుసు తళతళలాడుతూ చేతికొస్తుంది, బరువు మాత్రం ఆ గిన్నెలోనే ఉండిపోతుంది. ఈ మోసం ఎన్నిసార్లు పేపర్లో వచ్చినా, మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు మోసపోతూనే ఉన్నారు.

తుపాను రాత్రి

1996 నవంబరు 6. కోనసీమలో ఆ రాత్రి మరిచిపోయినవాళ్ళెవరూ ఉండరు. కొబ్బరితోటలకి తోటలే నేలకొరుగుతున్నాయి. మా పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. పిల్లల్ని పట్టుకుని నడిమి గదిలో కూచున్నాం. అత్తగారు మాత్రం "అమ్మాయ్, అటక మీది పెట్టె" అన్నారు. మావారూ నేనూ దించాం. దాన్ని పందిరిమంచం కింద తోసి, పైన పరుపు అడ్డుపెట్టాం. తెల్లారేసరికి అటక లేదు. ఊకలో ఉన్న పన్నెండూ కెటిలూ ఉన్నాయి.

పదిహేనేళ్ళుగా నోట్లో ఉన్న మాట అప్పుడన్నాను. "అత్తయ్యగారూ, అంచు పోగొట్టాను, క్షమించండి."

ఆవిడ సాసరు తిప్పి చూసుకుని, "అంచు పోతే పోయిందే. మా నాన్న కూడా ఉత్త చేతుల్తోనే వచ్చాడు. మనిషి వచ్చాడు కదాని అమ్మ దండం పెట్టుకుంది" అన్నారు.

ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. పోయినేడు మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చి, "అమ్మా, ఇవన్నీ పెట్టెలో ఎందుకే, నాకు రెండియ్యి" అంది. గుండె గుభేలుమంది. అయినా ఇచ్చాను. ఒక్కో కప్పుకీ, సాసరుకీ విడివిడిగా గుడ్డ చుట్టి, మధ్యలో ఊక పోసి ఇచ్చాను. ఆదివారం పూట అందులోనే కాఫీ తాగుతున్నామని ఫోను చేస్తే మొదట అడిగింది ఒక్కటే.

"దేంతో కడుగుతున్నావే?"

"చేత్తోనేనమ్మా, పీచు ముట్టుకోలేదు" అంది నవ్వుతూ.

మీ అటక మీద కూడా అలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం దించి చూడండి. ఎవరు తెచ్చారో, ఎక్కణ్ణుంచి తెచ్చారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఓ చీటీ రాసి అందులో పెట్టండి. ఆ తర్వాత కడగండి. కడగండి అన్నాను... గుర్తుంది కదూ!