లీగు పోటీల కూర్పు

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొందినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచినది. అయినను అంతటి పోలీసు జట్టు ఒక ఏడాదిలో దేశమందలి సాటి జట్లతో ఎన్ని ఆటలాడునో ఆ ఏటి ఆరంభమున ఎవరును చెప్పజాలకుండిరి. ఆనాటి పెద్ద పోటీలు ప్రధానముగా కప్పు పోటీలు. గెలిచిన జట్టు నిలుచును. ఓడిన జట్టు మరునాటి రైలెక్కును. కలకత్తా వంటి నగరములకు తమ తమ లీగులు ఉండెను గాని, దేశమంతటికి ఒక లీగు అనునది 1996 వరకు మనకు లేదు.

కప్పునకును లీగునకును గల భేదమును ముందుగా గుర్తింపవలెను. ముప్పదిరెండు జట్లు కప్పు పోటీలో దిగినచో మొత్తము ముప్పదియొక ఆటలు జరుగును. ఒక్కొక్క ఆట ఒక్కొక్క జట్టును ఇంటికి పంపును గనుక లెక్క అంతకు మించదు. అందు పదునారు జట్లు ఒక్క ఆటతోనే ముగించుకొనును. లీగులోనన్ననో ప్రతి జట్టును ప్రతి జట్టుతోను ఆడవలసినదే. ఓడినను వచ్చే వారము మరల మైదానమునకు రావలసినదే. వినోదమునకై ఆడువారికి కప్పు చాలును. ఆటయే జీవనముగా గలవారికి చాలదు. ఆటగానికి నెలనెల జీతమీయవలసిన క్లబ్బు, టిక్కెట్ల రాబడి ఏయే శనివారములందు వచ్చునో ముందుగానే ఎరిగియుండవలెను గదా!

ఇంగ్లండులో లీగు పుట్టినది సరిగా ఈ అవసరమునుండియే. అక్కడ 1885లో ఆటగాండ్రకు జీతములిచ్చుట చట్టబద్ధమైనది. జీతములు నిలకడగా వెళ్ళుచుండెను. ఆటలు మాత్రము నిలకడగా లేకుండెను. ముందుగా ఒప్పుకొనిన స్నేహపు పోటీని, కప్పు ఆట అడ్డువచ్చెనని, ఎదుటి జట్టు తుది క్షణమున మానుకొనుట పరిపాటియయ్యెను. గుమిగూడిన జనము గొణుగుకొనుచు వెనుదిరుగుట కూడ పరిపాటియే. ఆస్టన్ విల్లా క్లబ్బు పాలకవర్గమున విలియం మెక్‌గ్రెగర్ అను స్కాట్లండు దేశీయుడొకడుండెను. బట్టల దుకాణము నడుపుకొను వర్తకుడు. అతడు 1888 మార్చిలో కొన్ని క్లబ్బులకు జాబులు వ్రాసి, ఏటేట ఒకరి మైదానమున ఒకరు తప్పక ఆడునట్లు కట్టుబాటు చేసికొందమని సూచించెను. ఏప్రిలు 17వ తేదీన మాంచెస్టరులో పండ్రెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు ఏర్పడినది. సెప్టెంబరులో ఆటలు మొదలైనవి. ప్రెస్టన్ నార్త్ ఎండు జట్టు ఇరువదిరెండు ఆటలలో ఒక్కటియు ఓడక తొలి లీగు విజేత అయినది. విచిత్రమేమనగా, గెలుపునకు రెండు పాయింట్లు, సమానమునకు ఒకటి అను నియమము ఆటలు ఆరంభమైన రెండు నెలల పిమ్మట గాని స్థిరపడలేదు. పంక్తిలో కూర్చున్న తరువాత పొయ్యి రాజేసినట్లున్నది గాని, ఆ వంట నేటికిని చెడలేదు.

ఇక లీగునకు ఎన్ని క్లబ్బులుండవలెను? ఒక్కొక్క జంట తమ మైదానమున ఒకసారి, పరుల మైదానమున ఒకసారి ఆడునప్పుడు, క్లబ్బుల సంఖ్యను దానికంటె ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించినచో మొత్తము ఆటలు తేలును. పండ్రెండు క్లబ్బులకు 132; జర్మనీ బుందెస్‌లీగాయందున్న పదునెనిమిదింటికి 306; ఇంగ్లండు ప్రీమియరు లీగునందున్న ఇరువదింటికి 380. ఇరువది క్లబ్బులున్నచోట ప్రతి క్లబ్బును ముప్పదియెనిమిది ఆటలాడవలెను. ఆగస్టు నడుమనుండి మే నెల కడవరకు సుమారు నలుబది వారములు. అందులో దేశముల జట్ల ఆటలకై క్లబ్బులు తమ ఆటగాండ్రను విడిచిపెట్టవలసిన రోజులు పోవును. కప్పు పోటీల రోజులును, ఖండస్థాయి పోటీల రోజులును పోవును. మిగిలిన ఆటలు వారము నడిమి రాత్రులకు జారును. కాళ్ళు మాత్రము ఆ రెండే.

కావున నిర్వాహకులు క్లబ్బులను ముందు చేర్చుకొని, వారములను పిదప వెదకుకొనుట తలక్రిందుల పనియని మా అభిప్రాయము. ముందు ఎండవానలను చూడవలెను. స్వీడను దేశమున చలి గడ్డకట్టించును గనుక లీగు వసంతమున మొదలై శరత్తున ముగియును. జర్మనీవారు ఆగస్టున మొదలిడి నడుచలిలో కొంత విరామమిత్తురు. రష్యావారు 2011–12లో తమ సీజనును శరత్తునుండి వసంతమునకు మార్చుకొనిరి. మన దేశపు సంగతి వేరు. కలకత్తా లీగు తరతరములుగా వానకాలపు బురదలోనే వర్ధిల్లినది. ఆ బురదలో వట్టికాళ్ళతో ఆడిన మేటి ఆటగాండ్రను ముందుతరమువారు చూచియున్నారు. ఏప్రిలు, మే నెలల మధ్యాహ్నమున మాత్రము దక్కనులోగాని కోస్తాలోగాని తొంబది నిమిషములు పరుగెత్తుమనుట న్యాయము కాదు. దేశమంతట తిరుగు లీగునకు వానలు వెనుకబట్టిన నాటినుండి ఎండలు ముదురువరకు గల కాలమే అనువైనది.

సీజను మరీ పొట్టిగా ఉన్నను కీడే. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఎనిమిది జట్లతో మొదలైనపుడు అంతయు అక్టోబరునుండి డిసెంబరు వరకే ముగిసినది. వేదికలు నిండినవి, దీపములు వెలిగినవి. మూడు నెలలు తిరుగకముందే అంతయు సద్దుమణిగినది. మిగిలిన మాసములకై ఆటగాండ్రు మరియొక లీగునందలి క్లబ్బులను ఆశ్రయింపవలసి వచ్చెను. ఒకే ఏట ఇద్దరు శిక్షకుల క్రింద ఇరువిధములుగా ఆడువానికి ఏ విద్యయు కుదురుగా పట్టువడదు.

పట్టిక వ్రాయుట తేలికయని తలచువారు ఆరు జట్లతో ఒకమారు ప్రయత్నింపవచ్చును. ఒక జట్టును కదలక నిలిపి, తక్కిన అయిదింటిని గుండ్రముగా అమర్చి, వారమునకొక అడుగు త్రిప్పినచో అయిదు వారములలో పదునైదు జంటలును ముగియును. ఇంతవరకు పిల్లల ఆట. చిక్కు సొంత మైదానము దగ్గర వచ్చును. ప్రతి జట్టును ఒక వారము ఇంట, ఒక వారము బయట ఆడవలెనని అందరును కోరుదురు. అట్టి వరుసలు రెండే గలవు: ఇంట మొదలైనది ఒకటి, బయట మొదలైనది మరియొకటి. ఒకే వరుస గల రెండు జట్లు ఒకేనాడు ఇంట, ఒకేనాడు బయట ఉండును గనుక అవి రెండును ఎన్నటికిని తలపడజాలవు. అందుచేత చక్కని వరుస రెండు జట్లకు మాత్రమే లభించును. తక్కిన ప్రతి జట్టునకును కనీసమొక్క చోట వరుస తప్పి, రెండు వారములు ఇంటనో రెండు వారములు బయటనో పడవలెను. ఇరువది జట్ల లీగులో ఇట్లు పదునెనిమిదింటికి తప్పదు. తమ క్లబ్బునకే అన్యాయము జరిగినదని ఏటేట పట్టికను నిందించు అభిమానులు ఈ లెక్కను ఎరిగినచో కొంత శాంతింతురేమో!

ఇందుపై లోకవ్యవహారము వచ్చి పడును. ఒకే ఊరి రెండు క్లబ్బులను ఒకేనాడు ఇంట ఆడింపరాదు. పోలీసు బందోబస్తు చాలదు, రైళ్ళు చాలవు. అన్నిటికంటె ముఖ్యమైనది ఆఖరి దినము. 1982 ప్రపంచ కప్పులో అల్జీరియా తన ఆటలన్నియు ముగించుకొనిన మరునాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తలపడినవి. జర్మనీ ఒక్క గోలుతో గెలిచినచో ఇరు జట్లును ముందునకు పోవునని ఇద్దరికిని తెలియును. పదియవ నిమిషమున ఆ గోలు పడినది. తక్కిన ఎనుబది నిమిషములు బంతి అటునిటు దొర్లినది. అల్జీరియా ఇంటికి పోయినది. నాటినుండి ఆఖరి ఆటలను ఒకే వేళకు మొదలుపెట్టుట ఆచారమైనది.

పాయింట్ల సంగతి కొంత చెప్పవలెను. గెలుపునకు రెండుండగా, రెండు సమానములు ఒక గెలుపుతో తులతూగుచుండెను. జాగ్రత్తపరులైన జట్లు బయట ఆడునప్పుడు గోలు ముందు గోడ కట్టి నిలుచుండెడివి. 1981లో ఇంగ్లండు లీగు గెలుపునకు మూడు పాయింట్లిచ్చినది. 1994 ప్రపంచ కప్పున ఆ పద్ధతి అందరికిని చేరినది. పాయింట్లు సమమైనపుడు పూర్వము వేసిన గోళ్ళను పడిన గోళ్ళతో భాగించెడివారు. 1924లో హడర్స్‌ఫీల్డునకును కార్డిఫ్‌నకును చెరి యేబదియేడు పాయింట్లు. మొదటిది అరువది గోళ్ళు వేసి ముప్పదిమూడు పొందినది. రెండవది అరువదియొకటి వేసి ముప్పదినాలుగు పొందినది. తీసివేసినచో ఇరువురకును ఇరువదియేడే. భాగించినచో హడర్స్‌ఫీల్డునకు రవంత హెచ్చు, కిరీటమును దానికే. నేటి పద్ధతిని ఎక్కువ గోళ్ళు వేసిన కార్డిఫ్ గెలిచియుండెడిది. ఆఖరి ఆటలో ఒక పెనాల్టీని పోగొట్టుకొనిన ఆ జట్టు తరువాత ఇంతవరకు లీగును గెలువలేదు. ఏ పద్ధతి మేలైనదన్నది వేరు మాట. ఏదైనను మొదటి ఆటకు ముందే వ్రాసిపెట్టవలెను. ఆటగాని అర్హతను గూర్చిన నియమములు కూడ అంతే. మన ఐ-లీగులో 2025 ఏప్రిలున చర్చిల్ బ్రదర్సును విజేతగా ప్రకటించిరి; అర్హతల తగవు స్విట్జర్లండునందలి క్రీడా న్యాయస్థానమునకు పోగా, జులైలో ఆ బిరుదు ఇంటర్ కాశీకి దక్కినది. మైదానమున తేలవలసినది కాగితముపై తేలినది.

పట్టిక క్రింది భాగమునకు ప్రాణము పోయునది స్థానచలనము. కడపటి జట్లు దిగువ శ్రేణికి పోవును; దిగువ శ్రేణిలో మేటివి పైకి వచ్చును. ఇంగ్లండులో మొదట ఇందుకై ప్రత్యేక పరీక్షాపోటీలు పెట్టిరి. 1898లో స్టోక్, బర్న్‌లీ జట్లకు సమానము చాలును. ఆట గోలు లేకయే ముగిసినదని వేరుగా చెప్పనక్కరలేదు. మరుసటి ఏటినుండి పరీక్షలు మాని, పట్టికలోని స్థానమును బట్టియే ఎక్కించుట, దింపుట ఆరంభించిరి. ఈ భయము లేనిచోట ఏడవ స్థానముననున్న జట్టునకు ఆఖరి రెండు మాసములలో ఆడుటకు హేతువే యుండదు. మన సూపర్ లీగునకు 2023లో పంజాబును, 2024లో మహమ్మడన్ స్పోర్టింగును క్రిందినుండి ఎక్కి వచ్చినవి. మన తెలుగునేలకు చెందిన శ్రీనిధి దక్కను ఆ రెండు సీజనులందును ఐ-లీగున రెండవ స్థానముననే నిలిచిపోయినది. ఎక్కుటకు ఒకే మెట్టున్నచోట రెండవ స్థానమునకు విలువ లేదు. రెండు జట్లనైన ఎక్కించి, రెండింటినైన దింపవలెనని మేము తలంతుము.

బిరుదు ఎవరిదన్న ప్రశ్న కూడ కలదు. 2021–22లో లీగు పట్టికయందు అగ్రస్థానము జంషెడ్‌పూరుది, షీల్డు వారికిచ్చిరి. రెండవదైన హైదరాబాదు, తరువాతి నిష్క్రమణ పోటీలలో నెగ్గి, గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలపై ఓడించి కప్పు గైకొని ఛాంపియను అనిపించుకొనినది. ఆ రాత్రి మన నగరమునకు కలిగిన సంతోషమును మేము కాదనము. అయినను నెలల తరబడి అందరితో ఆడి మొదట నిలిచినవానికే ఛాంపియను అను పేరు చెల్లవలెను. ఒక్క రాత్రి అదృష్టమునకు కప్పు పోటీ ఉండనే యున్నది. ఆ కప్పు పోటీ లీగుతో పాటు వారము నడిమి రోజులలో జరుగవలెను. చిన్న క్లబ్బు పెద్ద క్లబ్బును పడగొట్టు ఆశ్చర్యము అక్కడనే పుట్టును. రోజులు చాలక ఇంగ్లండువారు 2024–25నుండి ఎఫ్.ఏ. కప్పు ప్రధాన దశలలో సమానమైన ఆటను మరల ఆడించుట మానిరి. చిన్న క్లబ్బులకు పెద్ద మైదానపు రాబడి ఆ మేరకు పోయినది.

ఇన్ని కూర్పులకును ఆధారము ఒప్పందము. సూపర్ లీగునకు మూలమైన 2010నాటి పదునైదేండ్ల ఒడంబడిక 2025 డిసెంబరుతో తీరినది. దానిని కొనసాగించు ఏర్పాటు సకాలమున కుదరక, సెప్టెంబరునాటికి మొదలుకావలసిన సీజను ఆగినది. క్లబ్బులు సాధనలు నిలిపినవి. కొన్నిచోట్ల జీతములును నిలిచినవి. ఆ సంవత్సరమే హైదరాబాదు క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనినది. తుదకు 2026 ఫిబ్రవరిలో పదునాలుగు క్లబ్బులతో ఆటలు మొదలైనపుడు రెండు ఆవృత్తులకు వారములు చాలలేదు. ఒకే ఆవృత్తిగా తొంబదియొక ఆటలతో పట్టిక కూర్చిరి. ఒక్కొక్క క్లబ్బునకు పదుమూడు ఆటలు. పదుమూడు బేసి సంఖ్య గనుక, ఎంత నేర్పుతో కూర్చినను, ఇంటి ఆటలు అందరికిని సమానముగా పంచుట సాధ్యము కాదు.