రెండు నానోమీటర్ల పొర

పాలిమర్ సౌరఘటానికి పునాది పడింది 1992లో. అమెరికాలోని శాంటా బార్బరాలో ఆలన్ హీగర్ బృందం విద్యుత్తును మోసే పాలిమర్‌కు 60 కార్బన్ పరమాణువుల ఫుల్లరీన్‌ను జతచేసి వెలుగు ప్రసరించింది. పాలిమర్‌లోని ఎలక్ట్రాన్ దాదాపు సెకనులో లక్ష కోట్లవ వంతు వ్యవధిలో ఫుల్లరీన్‌లోకి దూకేసింది. ఆ రెండింటినీ ద్రావణంగా కలిపి, సిరాలా పూసి ఘటం తయారుచేయవచ్చన్న ఆశ అలా పుట్టింది.

దూకిన ఎలక్ట్రాన్ ఒక వైపుకీ, వెనక మిగిలిన ధనావేశం రెండో వైపుకీ చేరాలి. దారిలో ఎదురుపడితే మళ్లీ కలిసిపోయి శక్తి వృథా అవుతుంది. ధనావేశాన్ని గాజు మీది ఇండియం టిన్ ఆక్సైడ్ పూతకు చేర్చడానికి మధ్యలో పెడాట్-పీఎస్‌ఎస్ అనే నీలి పాలిమర్ పొర వేసేవారు. పని బాగానే చేస్తుంది. కానీ దానిది ఆమ్లగుణం, పైగా తేమను పీల్చుకుంటుంది. తనను మోస్తున్న పూతనే క్రమంగా తినేస్తుంది.

2004లో మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవసెలోవ్ ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొర అయిన గ్రాఫీన్‌ను విడదీశాక అందరి చూపూ దానిమీద పడింది. అయితే నీలి పొర స్థానంలో దాన్ని సిరాలా పూయాలంటే ద్రావణం కావాలి, శుద్ధ గ్రాఫీన్ నీటిలో కలవదు. గ్రాఫైట్‌ను గంధకామ్లం, పొటాషియం పర్మాంగనేట్‌లతో ఆక్సీకరిస్తే, పొరలకు ఆక్సిజన్ సమూహాలు అతుక్కుని నీటిలో విడివిడిగా తేలతాయి. హమ్మర్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1958లోనే చూపిన పద్ధతి ఇది. దొరికేది గోధుమరంగు గ్రాఫీన్ ఆక్సైడ్. చిక్కేమిటంటే, ఆ ఆక్సిజనే దాని విద్యుద్వాహకతను చంపేస్తుంది.

ఇక్కడే నాకు ఎంతో నచ్చిన ఆలోచన ఉంది. 2010లో మనీష్ ఛోవాలా, తైవాన్ శాస్త్రవేత్తలు ఆ విద్యుత్ బంధకాన్నే పూత మీద సుమారు 2 నానోమీటర్ల మందంలో పరిచారు. అంత పలచగా ఉంటే ధనావేశం దాటిపోతుంది, ఎలక్ట్రాన్‌కు మాత్రం అడ్డుపడుతుంది. ఘటం సామర్థ్యం 3.5 శాతం వచ్చింది, నీలి పొరతో వచ్చింది 3.6. మందం పెంచితే సామర్థ్యం పడిపోయింది. తర్వాత 2012లో లిమింగ్ డై బృందం పొర అంచుల్లోని ఆమ్ల సమూహాలకు సీజియం తగిలించి, అదే పదార్థంతో ఎలక్ట్రాన్లను రాబట్టింది. ఒకే పదార్థం, రసాయనం మారితే రెండు వైపులా పనికొచ్చింది!

పాలిమర్ ఘటాల సామర్థ్యం ఇప్పుడు 19 శాతం దాటింది. ఆ ఘనత ముఖ్యంగా కొత్త పాలిమర్లదీ, ఫుల్లరీన్ స్థానంలోకి వచ్చిన కొత్త అణువులదీ. కానీ ప్రయోగశాల దాటి బయటి ఎండకూ తేమకూ ఏళ్ల తరబడి నిలవడమే వీటికి అసలు పరీక్ష. పూతను తినని పొర అవసరమయ్యేది అక్కడే.