ఇసాక్ వంశం

ఇసాక్ వంశం ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో నివసించే సోమాలీ ప్రజల పెద్ద వంశాలలో ఒకటి. ఈ వంశీయులు ప్రధానంగా సోమాలీలాండ్‌లోను, ఇథియోపియాలోని హౌద్ పచ్చికబయళ్ళలోను, జిబూతిలోను ఉన్నారు. బ్రిటిషువారి కొలువులో చేరి కెన్యాలో స్థిరపడిన శాఖను ఇసాకియా అంటారు. హర్గీసా, బురావో, రేవుపట్టణమైన బెర్బెరా వీరి ముఖ్య పట్టణాలు.

మూలపురుషుడు

సంప్రదాయ కథనం ప్రకారం షేక్ ఇసాక్ బిన్ అహ్మద్ అనే మతబోధకుడు 12 లేదా 13వ శతాబ్దంలో అరేబియా నుండి వచ్చి, ఏడెన్ సింధుశాఖ తీరాన గల మైద్ గ్రామంలో స్థిరపడ్డాడు. అతడు ప్రవక్త వంశీకుడని వీరి విశ్వాసం. మైద్‌లోని అతని సమాధి నేటికీ యాత్రాస్థలం. చరిత్రకారులు ఈ కథను ఉన్నదున్నట్లుగా అంగీకరించరు. సోమాలీ భాష కుషిటిక్ కుటుంబానికి చెందినది, అరబ్బీ శాఖ కాదు. ఇస్లాం పట్ల గల గౌరవమే ఇటువంటి వంశకథలకు ఆధారమని పలువురి అభిప్రాయం. అయితే కథ నిజమా కాదా అన్నదానికంటే, దానిని నమ్మి లక్షలమంది తమను ఒకే కుటుంబంగా భావించడం గమనింపదగినది.

శాఖలు

వంశం తండ్రి నుండే లెక్కించబడుతుంది. విచిత్రమేమనగా శాఖల పేర్లలో తల్లి జాడ కనిపిస్తుంది. హబర్ అవల్, హబర్ యూనిస్, హబర్ జెలో అనే పేర్లలోని "హబర్" అనగా వృద్ధస్త్రీ, తల్లి. షేక్ ఇసాక్‌కు ఇద్దరు భార్యలనీ, వారిలో ఒకరు స్థానిక మగాద్లె వంశస్త్రీ, మరొకరు ఇథియోపియా స్త్రీ అనీ చెబుతారు. వారి సంతానమే రెండు పెద్ద విభాగాలు.

ఆచారాలు

సోమాలీలకు ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా చెప్పుకుంటారు. ఈ వంశావళిని "అబ్తిర్సి" అంటారు. పిల్లలకు దీనిని చిన్ననాడే కంఠస్థం చేయిస్తారు. సోమాలీ భాషకు అధికారిక లిపి 1972లో గాని ఏర్పడలేదు కనుక ఇదంతా నోటి చదువే.

వంశావళి కేవలం గొప్ప కోసం కాదు. "హీర్" అనే సంప్రదాయ న్యాయం దానిపైనే నడుస్తుంది. హత్య జరిగితే హంతకుని దగ్గరి బంధువర్గమంతా కలిసి "మగ్" అనే పరిహారం చెల్లించాలి. పురుషునికి 100 ఒంటెలు, స్త్రీకి 50 అన్నది పాత లెక్క. పగ పెరగకుండా ఆపడం దీని ఉద్దేశం.

1988 విధ్వంసం, అనంతరం

సియాద్ బర్రే ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఇసాక్ వంశీయులు 1981లో లండన్‌లో సోమాలీ జాతీయోద్యమాన్ని స్థాపించారు. 1988 మే నెలలో ఆ దళాలు బురావో, హర్గీసాలపై దాడి చేయగా, ప్రభుత్వం సామాన్య జనంపై విరుచుకుపడింది. హర్గీసా విమానాశ్రయం నుండే లేచిన విమానాలు ఆ నగరంపైనే బాంబులు కురిపించాయి. నగరం చాలావరకు నేలమట్టమైంది. వేలాది మంది మరణించారు, లక్షలమంది ఇథియోపియాకు పారిపోయారు. పిల్లలు కంఠస్థం చేసిన పేర్ల వరుసే ఆ రోజులలో మనిషిని శత్రువుగా గుర్తించే ముద్రగా మారింది.

బర్రే పతనమయ్యాక 1991 మే 18న బురావోలో సోమాలీలాండ్ స్వాతంత్ర్య ప్రకటన జరిగింది. తరువాత చెలరేగిన అంతఃకలహాలను 1993లో బొరామాలో నెలల తరబడి సాగిన పెద్దల సభ చల్లార్చింది. బొరామా ఇసాక్ వంశీయుల పట్టణం కాదు, గదబుర్సి వంశీయులది. ఆ సభలో మహమ్మద్ హాజీ ఇబ్రహీం ఎగాల్ అధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. "గుర్తీ" అనే వంశపెద్దల మండలి శాసనవ్యవస్థలో ఎగువసభ అయింది.